విశాఖలో కరెంటు వైద్యుడి వెంట

విశాఖపట్నం చూడవచ్చినవారు డాల్ఫిన్స్ నోస్ కొండను చూస్తారు. బీచిరోడ్డులో కురుసుర జలాంతర్గామి ఎక్కి దిగుతారు. నేను కిందటేడు ఆ ఊళ్ళో ఒకరోజంతా మేడలెక్కి దిగాను. నా పాత శిష్యుడొకడు అక్కడ విద్యుత్ ఇంజనీరు. పది పన్నెండు భవనాల్లో కరెంటు బాగోగులు చూడటం అతని పని. అతనికి వేరే ఆఫీసు లేదు. పనిముట్లూ, నిచ్చెనా ఉన్న చిన్న వ్యానే ఆఫీసు.

మొదట సముద్రానికి ఎదురుగా ఉన్న ఆరంతస్తుల మేడకు వెళ్ళాం. పైన లిఫ్టుగదిలో ఉన్న ఇనుపపెట్టె తుప్పుపట్టి ఉన్నది. లోపల రాగితీగల చివరలు పచ్చబడ్డాయి.

"ఇది ఉప్పుగాలి పని, మాస్టారూ!" అన్నాడతను.

సముద్రపు తుంపరల్లోని ఉప్పు గాలిలో వచ్చి లోహంమీద పేరుకుంటుంది. ఉప్పు తేమను పీలుస్తుంది. రెండూ కలిసి లోహాన్ని తినేస్తాయి. అలా పాడైన అతుకు దగ్గర కరెంటుకు అడ్డు పెరిగి, వేడి పుడుతుంది. ఆ వేడి ముదిరితే నిప్పే!

అతను లిఫ్టును కిందికి దింపి, అందులో ఎవరూ లేరని చూసుకుని, మెయిన్ స్విచ్చి ఆపాడు. దానికి తాళంవేసి, "పని జరుగుతున్నది" అని రాసిన అట్ట తగిలించి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు.

"వాచ్‌మన్ ఉన్నాడుగా, తాళం దేనికి నాయనా?" అన్నాను.

"వాచ్‌మన్ టీకి వెళతాడండీ. పైన ఉండే ప్రాణం నాది గనక, తాళంచెవి నా దగ్గరే ఉండాలి."

పైకి వచ్చాక కూడా అతను తీగ ముట్టలేదు. వోల్టులు కొలిచే చేతిమీటరును ముందు కరెంటున్న సాకెట్టులో పెట్టి చూశాడు, 230 చూపింది. తరవాత లిఫ్టు తీగలమీద పెట్టాడు, సున్నా. మళ్ళీ సాకెట్టులో పెట్టాడు, 230.

"ఆపినవాడివి నువ్వే కదా?" అన్నాను.

"ఆపాను. కాని ఆగింది ఈ తీగలేనా అన్నది తీగలే చెప్పాలి. మీటరు చెడినా సున్నాయే చూపిస్తుంది కదండీ!"

అరగంట గడిచిందో లేదో, ఒకాయన రొప్పుతూ మెట్లెక్కి వచ్చాడు. "లిఫ్టు ఆగిందని స్విచ్చి వేయబోతే తాళం వేసి ఉన్నది. ఇంకా ఎంతసేపండీ?" అన్నాడు. నా గుండె ఝల్లుమన్నది. నా శిష్యుడు మాత్రం, "ఇంకో పావుగంటండీ," అని పనిలో పడ్డాడు.

అక్కడినుంచి ఊరిలోపల ఒక బడికి బయలుదేరాం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫానుకు కరెంటు స్తంభాలు కూలి ఊరంతా చీకటైపోయిన సంగతి దారిలో చెప్పాడు. ఆ తరవాత ఎన్నో వీధుల్లో తీగలను భూమిలోకి దించారు.

బడిలో ఆర్‌సీసీబీ అనే చిన్న స్విచ్చిమీద ఉన్న "టెస్ట్" మీట నొక్కాడు. టక్కున కరెంటు పోయింది. "ఇది బాగానే ఉన్నది!" అన్నాడు. వచ్చే కరెంటూ, తిరిగిపోయే కరెంటూ సమానమా, కాదా అని అది కనిపెడుతూ ఉంటుంది. 30 మిల్లీఆంపియర్ల తేడా వస్తే రెప్పపాటులో సరఫరా ఆపేస్తుంది. 10 వాట్ల బల్బు తీసుకునే కరెంటు అంతకన్న ఎక్కువే!

పిల్లలూ! మీ ఇంటి స్విచ్చిపెట్టెలో ఆ మీట ఉన్నదేమో నాన్ననో అమ్మనో అడగండి. అప్పుడప్పుడు దాన్ని నొక్కి చూడమనండి. పెట్టె మూత మాత్రం మీరు తీయకండి.