మెడలో ఉన్నది కొవ్వేనా?

పెళ్ళి మూడు వారాలుందనగా ఒక తల్లి కూతుర్ని తీసుకొచ్చింది. "మెడ దగ్గర కొవ్వు తీయించేస్తాం డాక్టరుగారూ, రక్తపరీక్షలు రాయండి" అంది. అమ్మాయి తల వంచుకుని కూర్చుంది. గ్లాసుతో నీళ్ళిచ్చి తాగమన్నాను. గుటక వేసినప్పుడల్లా మెడ ముందున్న ఉబ్బు పైకి లేచి దిగుతోంది. కొవ్వు అలా కదలదు, థైరాయిడ్ గ్రంథి కదులుతుంది. ముందు ఆ పరీక్షలకు పంపాను.

సరే, నిజంగా కొవ్వే అయితే? గడ్డం కింద, చెవుల వెనక చిన్న గాట్లు పెట్టి, సన్నని గొట్టంతో లాగేస్తారు. చాలామంది ఆ రోజే ఇంటికి వెళతారు. అయితే మర్నాటికే మెడ నాజూకవుతుందనుకుంటే పొరపాటు. ముందు కనిపించేది వాపు, కమిలిన మచ్చలు, తిమ్మిరి. దవడ చుట్టూ బిగుతు పట్టీ కట్టుకోవాలి. వాపు తగ్గడానికే వారాలు, అసలు రూపు తేలడానికి నెలలు పడుతుంది. అరుదుగా, పెదవిని కదిలించే నరం నలిగి కొన్నాళ్ళు మూతి ఒక పక్కకు పోతుంది. వయసుతో వేలాడే చర్మం దీంతో బిగియదు. ఆస్పిరిన్ వంటి మాత్రలు వాడుతుంటే సర్జనుకు ముందే చెప్పాలి.

"పెళ్ళివారేమైనా అన్నారా అమ్మా?" అని అడిగాను.

"వాళ్ళేమీ అనలేదండీ. మా ఆడపడుచు అంది."