ముప్ఫై సెకన్ల గడువు

ఫ్రిజ్ పక్కన స్టెబిలైజర్ పెట్టుకున్న ఇళ్లకు ఓ సంగతి తెలుసు. కరెంటు పోయి వచ్చాక ఫ్రిజ్ వెంటనే మొదలవదు. కాసేపు ఆగి, స్టెబిలైజర్ టక్కుమన్నాకే కంప్రెసర్ కదులుతుంది. ఆ మాత్రం ఓపిక లేకపోతే దానికే ముప్పు. జేబులోని సెల్‌ఫోన్లోనూ ఇలాంటి కాపలాదారులు పదులకొద్దీ ఉంటాయి. వాటి పేరు వోల్టేజీ రెగ్యులేటర్లు. బ్యాటరీ ఇచ్చేది నాలుగు వోల్టులకు అటూ ఇటూ. ప్రాసెసర్‌కు ఒక్క వోల్టు చాలు, మెమరీ కార్డుకు 3.3 కావాలి, తెరది ఇంకో లెక్క. ఎవరి వాటా వాళ్లకు కొలిచి వడ్డించేవి ఇవే.

ఎప్పుడు వడ్డించాలో చెప్పే పెత్తనం మాత్రం ఆపరేటింగ్ సిస్టమ్‌లోని కెర్నెల్‌ది. లినక్స్ కెర్నెల్లో ఇందుకో పద్ధతంటూ వచ్చింది 2008లో, 2.6.27 వెర్షన్‌తో. ఎడిన్‌బరోలోని ఉల్ఫ్‌సన్ మైక్రోఎలక్ట్రానిక్స్ అనే చిప్పుల కంపెనీ ఇంజినీర్లు దానికి శ్రీకారం చుట్టారు. మహా జాగ్రత్తపరుల పద్ధతి అది. ‘ఇంత నుంచి ఇంత వరకూ ఫర్వాలేదు’ అని బోర్డు చేసినవాళ్లు రాసిస్తేనే వోల్టేజీని మారుస్తుంది. లేదంటే ముట్టుకోదు. ఆ రాత కూడా మైక్రోవోల్టుల్లోనే. 1.8 వోల్టులంటే 1800000. సున్నాలు లెక్కపెట్టుకుంటూ రాయాల్సిందే. మామూలు ప్రోగ్రాంలో తప్పు జరిగితే ఆపి మళ్లీ నడుపుకోవచ్చు. 1.8 తాగే చిప్పుకు 3.3 పోస్తే మళ్లీ నడపడానికి ఏమీ మిగలకపోవచ్చు.

అసలు తంటా అంతా యంత్రం మేలుకునే ఆ కొద్ది సెకన్లలోనే. తెరను నడిపే డ్రైవర్ లేచి ‘నా కరెంటేదీ’ అంటుంది. ఇచ్చే రెగ్యులేటర్ డ్రైవరేమో ఇంకా లేవలేదు. అప్పుడు కెర్నెల్ 517 అనే అంకె చేతిలో పెడుతుంది. ‘ఇప్పుడు కాదు, కాసేపాగి రా’ అని దానర్థం. 2012లో వచ్చిందీ ఏర్పాటు. గవర్నమెంటు ఆఫీసుల్లో వినే మాటే కదా అనిపిస్తుంది గానీ, ఇక్కడ నిజంగానే మళ్లీ పిలుస్తారు!

అన్నీ లేచాక కెర్నెల్ ఇంటి పెద్దలా ఓసారి కలియదిరుగుతుంది. ఎవరూ అడగని రెగ్యులేటర్లు కనిపిస్తే ఆపేస్తుంది. బ్యాటరీ మిగలాలిగా మరి. తలనొప్పి మొదలయ్యేదీ ఇక్కడే. కెర్నెల్‌కంటే ముందు నడిచే బూట్‌లోడర్ తెర వెలిగించి కంపెనీ బొమ్మ చూపించి వెళ్లిపోయి ఉంటుంది. తెర డ్రైవరేమో ఇంకా డిస్కులోనే ఉంది. కెర్నెల్ లెక్కలో ఆ కరెంటు అనాథ. టక్కున ఆపేస్తుంది. బొమ్మ కనిపించి, తెర నల్లబడి, మళ్లీ వెలుగుతుంది. లాప్‌టాప్‌లలో ఇది మరీ ఇబ్బందని 2019లో ఆ తనిఖీని ముప్ఫై సెకన్లు వెనక్కి జరిపారు. ముప్ఫైయే ఎందుకూ అంటే గట్టి లెక్కేమీ లేదు. కాస్త ఆగి చూద్దాం, సరిపోతుందని ఆశిద్దాం అన్న ధోరణే. ఆ మాట కోడ్‌లోనే రాసిపెట్టారు కూడా. ఆ నిజాయతీ ముచ్చటేస్తుంది.

కొత్తగా చేరిన కుర్ర ఇంజినీరైతే ఇంత దూరం ఆలోచించడు. ‘ఎప్పుడూ ఆన్’ అని ఒక్క ముక్క రాసేస్తాడు. తెర వెలుగుతుంది, సాయంత్రం పెందలాడే ఇంటికెళ్తాడు. ఆ రెగ్యులేటర్ మాత్రం రాత్రంతా వెలుగుతూనే ఉంటుంది, వాడకం లేని గదిలో బల్బులా. ‘బూట్‌లో ఆన్’ అని ఇంకో ముక్క ఉంది. ‘బూట్‌లోడర్ దీన్ని వెలిగించి వెళ్లింది’ అని మాత్రమే దానికర్థం. ఇక ఆర్పరని నమ్ముకుంటే అంతే సంగతులు.

అన్నిటికన్నా మొండిది మెమరీ కార్డు. వేగంగా పనిచేసే రకం కార్డు మొదట 3.3 వోల్టుల సంకేతాలతో మాట్లాడుతుంది. వేగం కావాలంటే డ్రైవర్ దాన్ని 1.8కి దించుతుంది. ఒకసారి దిగిందంటే, కరెంటు పూర్తిగా తీసి పెడితే తప్ప మళ్లీ పైకి రాదు. యంత్రాన్ని రీబూట్ చేశారనుకోండి. ప్రాసెసర్ మళ్లీ మొదటినుంచీ 3.3లో పలకరిస్తుంది. కార్డు ఇంకా 1.8లోనే ఉండిపోయింది. జవాబివ్వదు. ఆపరేటింగ్ సిస్టమ్ ఉన్నదేమో ఆ కార్డులోనే!

ఆగిపోయే ముందు డ్రైవర్ ఆ కార్డు రెగ్యులేటర్‌ను ఆపి వెళ్లాలి, లేదా రీబూట్‌లో బోర్డు మొత్తానికీ ఓ క్షణం కరెంటు తీసే ఏర్పాటుండాలి. కొన్ని చవక బోర్డుల మీద ఆ రెండూ ఉండవు. కార్డును నేరుగా 3.3 తీగకే కలిపేస్తారు. అప్పుడు ఏ డ్రైవరూ చేయగలిగింది లేదు. బోర్డు బల్లమీదుంటే ప్లగ్గు పీకి పెట్టొచ్చు. ఎక్కడో స్తంభం మీద కెమెరా డబ్బాలో ఉంటే, నిచ్చెన తెచ్చుకుని ఎవరో ఒకరు ఎక్కాల్సిందే.