అనుమంద్ర పంచమం కోసం

వీణకు వాయించే తీగలు నాలుగు: సారణి, పంచమం, మంద్రం, అనుమంద్రం. మా అక్క తన వీణను మూడు శ్రుతికి కడుతుంది. అలా కడితే సారణి షడ్జం దాదాపు 165 హెర్ట్జ్ దగ్గర పలుకుతుంది. మంద్ర షడ్జం అందులో సగం, 82. చివరి తీగ అనుమంద్ర పంచమం, 62 హెర్ట్జ్. ఆ తీగను మీటితే కింద పరిచిన చాపకు కూడా అదురు తెలుస్తుంది. రాగం అంతా పైతీగల మీద నడుస్తున్నా అప్పుడప్పుడు అక్కడికి దిగి వస్తేనే ఆ రాగానికి నేల దొరుకుతుంది.

మా ఇంట్లో స్పీకర్లకు ఆ నేల లేదు. అవి బ్రిటన్‌లో బీబీసీ ఇంజనీర్లు 1970లలో రూపొందించిన ఎల్‌ఎస్3/5ఏ వంశానికి చెందినవి. అడుగు ఎత్తున్న చెక్కపెట్టెలు. బయటి ప్రసారాలకు వెళ్లే వ్యాన్లలో, చెయ్యి చాపితే గోడ తగిలే చోట కూర్చుని వినడానికి పుట్టిన స్పీకర్లవి. గొంతు విషయంలో వాటికి సాటి వచ్చేవి నేటికీ తక్కువే. నేదునూరి కృష్ణమూర్తి గారి గాత్రం పెడితే ఊపిరి తీసుకునే చోటు కూడా తెలుస్తుంది. కానీ 70, 80 హెర్ట్జ్‌ల కిందకు వెళ్లేసరికి వాటి శక్తి వేగంగా పడిపోతుంది. తీగ వినపడదని కాదు. 62కు రెట్టింపు 124, మూడింతలు 186 పలుకుతూనే ఉంటాయి కాబట్టి చెవి వాటిని పట్టుకుని అసలు స్వరాన్ని ఊహించుకుంటుంది. స్వరం తెలుస్తుంది, దాని బరువు తెలియదు.

ఆ బరువు కావాలని పెద్ద స్పీకర్లు కొనాలనుకున్నాను. చిన్న కారు ధర పలికే వస్తువును కేటలాగు చూసి కొనలేను. లెస్టర్‌లో డాక్టరుగా ఉన్న మా పెద్దమ్మ కొడుకు ఎన్నాళ్లుగానో రమ్మంటున్నాడు. ఈ సంగతి చెబితే, "ముందు మ్యూనిక్ వెళ్లు, అన్నీ ఒక్క చోటే ఉంటాయి. తర్వాత నా దగ్గరికి రా, అప్పుడు అసలు విందాం" అన్నాడు. మ్యూనిక్‌లో మే నెలలో జరుగుతూ వచ్చిన హై ఎండ్ ప్రదర్శన ఈ రంగానికి పెద్ద జాతర. 2004 నుంచి 2025 దాకా అక్కడే జరిగింది, 2026లో వియన్నాకు మారింది. మ్యూనిక్‌లో చివరిది 2025 మే. నేను దానికే వెళ్లాను.

ప్రయాణానికి ముందు అక్క చేత మా హాల్లోనే వాయించి రికార్డు చేయించాను. రెండే మైకులు, ఎఫెక్టులేవీ లేవు. కల్యాణి ఆలాపన, తర్వాత కొంచెం తానం. ఆమె వీణ బొబ్బిలి దగ్గరి గొల్లపల్లి నుంచి వచ్చింది. ఒకే పనస మొద్దును తొలిచి చేసిన ఏకాండి వీణ, భౌగోళిక గుర్తింపు పొందిన పనితనం. దాని నాదం ఎలా ఉంటుందో చిన్నప్పటి నుంచి నాకు తెలుసు. స్పీకరును పరీక్షించడానికి ఇంతకంటే మంచి కొలత నాకు దొరకదు. సినిమా పాట స్టూడియోలో ఎలా వినిపించిందో నేను వినలేదు, ఈ వీణను విన్నాను.

ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా మ్యూనిక్ చేరి, మర్నాడు పొద్దున్నే యూ6 మెట్రో ఎక్కి కీఫర్న్‌గార్టెన్ స్టేషన్లో దిగితే ఎవరినీ దారి అడగక్కర్లేదు. రైల్లోంచి దిగిన వాళ్లలో సగం మంది ప్రదర్శన జరిగే ఎంఓసీ భవనం వైపే నడుస్తున్నారు. కింద పెద్ద హాళ్లు, పైన అంతస్తుల్లో వరసగా గదులు. ప్రతి గది ముందూ వరుస. లోపల చీకటి, ముందు వెలిగే మీటర్లు, మధ్యలో మనిషెత్తు స్పీకర్లు. ప్రతి గదిలోనూ దాదాపు ఒకే రకం సంగీతం: నెమ్మదిగా పాడే ఆడగొంతు, పక్కన డబుల్ బాస్. ఏ స్పీకరు మీదైనా బాగుండే పాటలవి. అందుకే వాటితో ఏమీ తేలదు.

నేను పెన్‌డ్రైవ్ చేతిలో పట్టుకుని అడుగుతూ పోయాను. కొందరు మర్యాదగా తల అడ్డంగా ఊపారు, కొందరు పెట్టారు. బూర ఆకారంలో ఉన్న హార్న్ స్పీకర్ల గదిలో విన్నది ఇప్పటికీ మరిచిపోలేదు. ఒక వాటుకు మీటరు దూరంలో 100 డెసిబెల్స్ దాటి పలికేవి అవి. మా ఇంట్లోవి 83. పదిహేడు డెసిబెల్స్‌కు పైగా ఉన్న ఆ తేడా అంటే, మావి యాభై వాట్లకు పైగా తాగి చేసే శబ్దాన్ని అవి ఒక్క వాటుతో చేస్తాయి. దానివల్ల మీటు తగిలిన క్షణం ఉలిక్కిపడేలా వచ్చింది, గోరు తీగను వదిలిన చప్పుడుతో సహా. మృదంగానికి ఇంతకన్నా ఏం కావాలి అనిపించింది. అయితే వీణ కుండ ఉండాల్సిన చోట ఏదో పెద్ద పాత్ర మోగుతున్నట్టు ఒక రంగు అంటింది. గాత్రానికి అది ఇంకా ఎక్కువ తెలుస్తుంది.

ఇంకో గదిలో అల్యూమినియం దిమ్మెల్లాంటి స్పీకర్లు. ఒక్కొక్కటీ వంద కిలోలు దాటుతుందన్నారు. వాళ్లు చర్చి ఆర్గన్ పెట్టారు. ఆర్గన్‌లో అతి పెద్ద గొట్టాలు 16 హెర్ట్జ్ వరకు దిగుతాయి. అది విన్నట్టు ఉండదు, గదిలో గాలి కదిలినట్టు ఉంటుంది. నిజంగా గొప్ప అనుభవం, ఆ సంగీతాన్ని ప్రేమించేవాళ్లకు ఆ స్పీకర్లే కావాలి. తర్వాత అక్క వీణ పెట్టారు. అనుమంద్రం తీగ వచ్చిన చోట ప్రదర్శకుడు లేచి వెళ్లి వాల్యూమ్ కొంచెం పెంచాడు. గదిలో వాళ్లంతా ముందుకు వంగారు, నేనూ వంగాను. ఆ ఒక్క కదలికలో ఈ వ్యాపారం కీలకం ఉంది. రెండు స్పీకర్లలో ఒకటి అర డెసిబెల్ ఎక్కువ పలికినా అది ఎక్కువ పలికిందని మనకు తెలియదు, బాగా పలికిందనిపిస్తుంది. పైగా ధ్వని తాలూకు సూక్ష్మమైన గుర్తు మనసులో కొన్ని క్షణాలకు మించి నిలవదు. ఈ గదిలో విన్నదాన్ని మెట్లు దిగి ఇంకో గదిలో విన్నదానితో పోల్చడం అసాధ్యమని నాకు ఆ సాయంత్రానికి రూఢి అయింది. కోరికల జాబితా రాసుకోవడానికి మ్యూనిక్ పనికొస్తుంది, తీర్పు చెప్పడానికి పనికిరాదు.

లెస్టర్‌లో అన్నయ్య ఇల్లు పాత ఇటుకల ఇల్లు. ముందు గదిలో మూడు జతలున్నాయి. నా దగ్గరున్న రకం చిన్నవి ఒక జత. ఆయన కొత్తగా తెచ్చుకున్న నిలువు స్పీకర్లు, ఛాతీ ఎత్తున్నవి, ఒక జత. గోడవైపు పాత క్వాడ్ ఎలెక్ట్రోస్టాటిక్‌లు, చూడటానికి గది వేడిచేసే హీటర్లలా ఉండేవి. పీటర్ వాకర్ హంటింగ్‌డన్‌లో తయారుచేసి 1957లో మార్కెట్లోకి తెచ్చిన స్పీకరు అది. అందులో పెట్టె లేదు, కోన్ లేదు. వెంట్రుక కంటే పలచని ప్లాస్టిక్ పొరకు వేల వోల్టుల విద్యుదావేశం ఇచ్చి, రెండు వైపులా చిల్లుల పలకల మధ్య దాన్ని కదిలిస్తారు. పొర మొత్తం ఒక్కసారే కదులుతుంది కాబట్టి కోన్‌లా వంగదు, పెట్టెలా మోగదు.

"చూస్తూ వింటే కుదరదురా" అన్నాడు అన్నయ్య. వదిన పలచటి నూలు చీర ఒకటి తెచ్చి దండెం కట్టి గదికి అడ్డంగా వేలాడదీసింది. అంత పలచటి బట్ట శబ్దాన్ని దాదాపు ఆపదు. పింక్ నాయిస్ అనే పరీక్ష శబ్దం పెట్టి, నేను కూర్చునే కుర్చీ దగ్గర సౌండ్ మీటరుతో మూడు జతల స్థాయీ సమానం చేశాడు. ఏది మోగుతోందో వదినకు తప్ప మా ఇద్దరికీ తెలియదు. ఆమె ఒకటి, రెండు, మూడు అని అంకెలు మాత్రం చెబుతూ స్విచ్ మారుస్తుంది. మూడు జతలూ ఒకే చోట నిలబడలేవు కాబట్టి ఇది పూర్తి శాస్త్రీయ పరీక్ష కాదు. అమెరికాలో హర్మన్ సంస్థ నార్త్‌రిడ్జ్‌లో స్పీకర్లనే జరిపి ఒకే చోటికి తెచ్చే యంత్రం పెట్టుకున్నది ఇందుకే. అక్కడి ఫ్లాయిడ్ టూల్, షాన్ ఆలివ్ 1994లో ప్రచురించిన పరిశోధనలో, స్పీకరును చూస్తూ వేసిన మార్కులు, చూడకుండా వేసిన మార్కులు వేరువేరుగా వచ్చాయి. అనుభవం ఉన్న శ్రోతలకూ అది తప్పలేదు.

కాసేపు కల్యాణి, మార్పు, మళ్లీ అదే. ఆపకుండా ఇలా నడిచింది. కాగితం మీద నేను రాసుకున్నవి తర్వాత వదిన చదివి వినిపించింది. "రెండు" దగ్గర నేను రాసింది: గమకంలో తీగ పక్కకు సాగడం కనిపిస్తోంది, అక్క చెయ్యి ఇదే. అది క్వాడ్. "ఒకటి" దగ్గర: కింది తీగకు ఒళ్లుంది, కానీ మెట్ల మీద చెయ్యి ఎక్కడుందో తేలడం లేదు. అవి నిలువు స్పీకర్లు. "మూడు": వీణ బొమ్మలా చిన్నదైంది. అవి నావి. చీర లేకుండా విన్న మొదటి రోజు నేను నిలువు స్పీకర్లనే పొగిడాను. ఇప్పుడు అవి రెండో స్థానంలోకి వచ్చాయి.

"అయితే క్వాడ్ తీసుకో" అంది వదిన.

"హైదరాబాదులో దుమ్ము చూశావా? ఆ పొర దుమ్మును లాగుతుంది. వానాకాలం తేమ వేరే. బాగుచేసేవాడు ఎక్కడ దొరుకుతాడు?" అన్నాడు అన్నయ్య. తర్వాత నావైపు తిరిగి, "నీకు పెట్టె మోగకూడదు. ఆ సంగతి పట్టుకో" అన్నాడు.

ఆ మాట దగ్గర ఆగి చెప్పాలి, ఎందుకంటే నా నిర్ణయమంతా దాని మీదే నిలబడింది. వీణ కుండ మోగాలి, దాని పనే అది. స్పీకరు పెట్టె మోగితే వీణకు ఇంకో వీణ కలుస్తుంది. దీన్ని ఆపడానికి రెండు దారులున్నాయి. ఒకటి మ్యూనిక్‌లో చూసినట్టు పెట్టెను కదలని దిమ్మెలా చేయడం. అప్పుడు మోత పూర్తిగా పోదు, చెవికి సున్నితమైన పై స్థాయిలకు జరుగుతుంది. రెండోది బీబీసీ దారి. డడ్లీ హార్వుడ్, ఆయన సహచరులు పలచటి ప్లైవుడ్ తీసుకుని, లోపల బిటుమెన్ పలకలు అతికించి, మోత చెవికి అంతగా తెలియని కింది స్థాయిలో ఉండేలా, ఉన్నా వెంటనే ఆరిపోయేలా చేశారు. హార్వుడ్ 1977లో హార్బెత్ స్థాపించాడు. ఆ కంపెనీ నేటికీ పలచటి గోడల పెట్టెలే చేస్తోంది. నాకు ఈ రెండో దారిలో నిజాయితీ ఎక్కువ కనిపిస్తుంది. బరువుతో నోరు నొక్కడం కంటే, నష్టం ఎక్కడ తక్కువో చూసి అక్కడికి తోయడం ఎక్కువ ఆలోచన ఉన్న పని.

ఆ కుటుంబంలోనే కొంచెం పెద్దది, ఎనిమిది అంగుళాల వూఫర్ ఉన్న హార్బెత్ 30, నా జాబితాలో మొదటికి వచ్చింది. దాని హామీ 50 హెర్ట్జ్ వరకే. 62 పలకడానికి 50 చాలు.

ఇంటికి వచ్చాక ఒక దుకాణం ఇంట్లో వినడానికి స్పీకర్లు ఇవ్వనంది. వాళ్ల గదిలో విని కొనుక్కోమన్నారు, వదిలేశాను. ఇంకొకరు హార్బెత్‌తో పాటు పెద్ద నిలువు స్పీకర్లు కూడా పంపారు. మొదట పెద్దవే పెట్టించాను. అవి 30 హెర్ట్జ్ దాకా దిగుతాయి. అక్క వీణ పెట్టి నా కుర్చీలో కూర్చుంటే అనుమంద్రం తీగ లేదు! మ్యూనిక్‌లో నేల కదిలించిన తీగ ఇక్కడ పాత చిన్న పెట్టెల్లో ఉన్నంతే ఉంది.

అక్క వంటింటి గుమ్మంలో నిలబడి వింటోంది. "ఒరే, ఇక్కడ బ్రహ్మాండంగా ఉందిరా. నువ్వు అక్కడ కూర్చుని ఏం వింటున్నావు?" అంది. లేచి ఆమె పక్కకు, వెనక గోడకు ఆనుకుని నిలబడితే తీగ మొత్తం వచ్చేసింది. గది మధ్యకు నడిస్తే ఇంకా బలంగా ఉంది. మళ్లీ కుర్చీ దగ్గరికొస్తే మాయం.

టేపు తీసి కొలిచాను. హాలు పొడవు పద్దెనిమిది అడుగులు, అంటే దాదాపు అయిదున్నర మీటర్లు. ఆ పొడవులో గట్టి గోడల మధ్య నిలిచే తరంగాల్లో మొదటిది 31 హెర్ట్జ్, రెండోది 62. అచ్చంగా అక్క తీగే! ఆ రెండో తరంగం రెండు చివరల్లో, నట్టనడుమ బలంగా ఉంటుంది, పొడవులో నాలుగో వంతు దగ్గర సున్నా అవుతుంది. నా కుర్చీ వెనక గోడకు నాలుగున్నర అడుగుల దూరంలో ఉంది, సరిగ్గా నాలుగో వంతు. అమెరికా ఇళ్లలో సన్నటి జిప్సం గోడల్లోంచి ఈ తరంగం కొంత బయటికి పోతుంది. మన ఇటుక, కాంక్రీటు గోడలు దాన్ని దాదాపు మొత్తం వెనక్కి కొడతాయి. ఈ గదిలో ఎంత ఖరీదైన స్పీకరు పెట్టినా ఆ కుర్చీలో ఆ స్వరం బరువు తెలియదు.

కుర్చీని వెనక గోడకు దాదాపు ఏడు అడుగుల దూరానికి లాగాం. నట్టనడుమ కూర్చుంటే ఆ తీగ హద్దు దాటి ఊగుతుంది, ఇక్కడ సమంగా ఉంది. పెద్ద స్పీకర్లు మరో చిక్కు తెచ్చాయి. కింద రోడ్డు మీద బస్సు వెళ్లిన మోత రికార్డింగులో ఉంటే, 31 హెర్ట్జ్ తరంగం దాన్ని పట్టుకుని గదంతా తిప్పుతోంది. మన సంగీతంలో అంత కింద ఏమీ లేదు. వీణలో లేదు, తంబురలో లేదు, గాత్రంలో అసలే లేదు. లేని స్వరాల కోసం గదిని రెచ్చగొట్టే స్పీకరు నాకెందుకు? వాటిని తిరిగి పంపి హార్బెత్ 30 ఉంచుకున్నాను.

పెద్ద స్పీకర్ల కోసం దాచిన దానిలో మిగిలిన డబ్బుతో వెనక మూలల్లో ఖనిజ ఉన్ని నింపిన చెక్క చట్రాలు చేయించాను, నేల మీది గ్రానైటుకు మందపాటి తివాచీ వేశాను. మూలల్లో ఉన్ని మందంగా ఉంటే తప్ప అంత కింది స్వరానికి పని చేయదు. అందుకే వడ్రంగి చేత అడుగు మందం పెట్టించాను. ట్వీటర్ చెవి ఎత్తుకు రావడానికి స్టాండ్లు రెండు అంగుళాలు తగ్గించాల్సి వచ్చింది.

ఇప్పుడు కల్యాణిలో అనుమంద్రానికి దిగిన చోట తీగ లావు తెలుస్తోంది. చిట్టిబాబు గారి పాత వీణ ఎల్పీల్లో ఆయన మంద్రంలో ఎంతసేపు నిలబడతారో కొత్తగా వింటున్నాను. గమకం విషయంలో మాత్రం క్వాడ్‌ను ఇది అందుకోలేదు. తీగ లాగినప్పుడు స్వరం ఒక చోటు నుంచి ఇంకో చోటికి జారే ఆ నునుపు లెస్టర్‌లో ఉన్నంత ఇక్కడ లేదు. అక్క కూడా అదే అంది. "కింది తీగ నాదే. పై తీగ మాత్రం ఎవరో బాగా వాయించినట్టుంది" అని. ఈసారి యాంప్లిఫయర్ మార్చి చూడమని అన్నయ్య లెస్టర్ నుంచి అంటున్నాడు. 85 డెసిబెల్స్ స్పీకరుకు ఇంకొంచెం శక్తి ఇస్తే మీటు మెరుగవుతుందని ఆయన నమ్మకం. నేను ఒప్పుకోలేదు, ఆయన వచ్చినప్పుడు చీర కట్టి వింటాం.