స్విచ్చి వేయక ముందు

వడ్రంగి చేతిలోని రంపానికీ, విద్యుత్తుతో తిరిగే బల్లరంపానికీ పేరు ఒకటే గాని స్వభావం ఒకటి కాదు. చేతిరంపం మన బలంతో నడుస్తుంది. చేయి అలసితే అదీ ఆగుతుంది. కొయ్యలో ముడి తగిలితే మొరాయిస్తుంది. పన్ను వేలికి తగిలిన మరుక్షణమే చేయి దానంతట అదే వెనుకకు వస్తుంది. గాయమైనా చాలావరకు నాలుగు రోజులలో మానిపోతుంది. యంత్రరంపానికి ఇటువంటి దాక్షిణ్యం లేదు. దానికి బలమిచ్చేది మన భుజం కాదు, మోటారు. టేకుచెక్కకూ, మామిడిచెక్కకూ, మనిషి వేలికీ మధ్య భేదం దానికి తెలియదు. ఈ తేడాను గ్రహించడమే కొయ్యపని దుకాణంలో నేర్వవలసిన మొదటి పాఠం.

ఈ పాఠాన్ని నేను మా మేనమామ దగ్గర నేర్చుకొన్నాను. గోదావరి తీరాన ఒక చిన్న పట్టణంలో ఆయనకు తలుపులు, కిటికీలు, మంచాలు తయారుచేసే దుకాణం ఉండేది. వేసవి సెలవులన్నీ నాకు అక్కడే గడిచేవి. గోడ వెంట అడితీ నుంచి తెచ్చిన టేకు, వేప, మద్ది చెక్కలు నిలబెట్టి ఉండేవి. దుకాణం నడుమ ఒక ఇనుపబల్ల. ఆ బల్ల మధ్యనున్న సన్నని చీలికలో నుంచి పైకి లేచి కనిపించే పది అంగుళాల గుండ్రని రంపపు బిళ్ళ. పనివారు దానిని కటింగు మిషను అనేవారు. మొదటి వేసవి మొత్తంలో మామయ్య నన్ను దాని స్విచ్చిని తాకనివ్వలేదు. పొట్టు ఊడ్వడం, పాత చెక్కలలో మిగిలిన మేకులు వెదకి తీయడం, మూలమట్టం పెట్టి గీతలు గీయడం, కోసిన ముక్కలను పేర్చడం నా పనులు.

"మిషను మీద పని ఎప్పుడు నేర్పుతావు మామయ్యా?" అని అడిగితే, "ముందు దాన్ని చూడటం నేర్చుకోరా అల్లుడూ, కొయ్యటం తర్వాత" అనేవారు.

చూడటంలో నేర్చుకోవలసినది ఏముంటుందని అప్పట్లో అనుకొనేవాడిని. కళాశాలలో భౌతికశాస్త్రం చదివిన తరువాత ఆ మాటలోని లెక్క నాకు బోధపడింది. పది అంగుళాల రంపపు బిళ్ళ చుట్టుకొలత దాదాపు 80 సెంటీమీటర్లు. అది నిమిషానికి 3000 సార్లు తిరుగుతున్నదనుకొందాం. అంటే సెకనుకు 50 చుట్లు. అప్పుడు ఒక్కొక్క పన్ను సెకనుకు 40 మీటర్ల వేగంతో, అనగా గంటకు 144 కిలోమీటర్ల వేగంతో పోతుంది. అనుకోని ఆపద ఎదురైనపుడు దానిని గుర్తించి చేయి వెనుకకు తీసుకొనడానికి మనిషికి సుమారు సెకనులో ఐదవ వంతు కాలం పడుతుంది. ఆ కాలంలో రంపం పది చుట్లు తిరుగుతుంది. బిళ్ళకు 40 పళ్ళుంటే 400 పళ్ళు ఆ చోటును దాటిపోతాయి. ఆపద వచ్చినపుడు చురుకుగా తప్పించుకొందామనే నమ్మకానికి ఇక్కడ తావు లేదు. చేయవలసిన జాగ్రత్త యావత్తూ స్విచ్చి వేయక ముందే పూర్తి కావాలి.

గుండ్రని రంపం నిన్న మొన్నటిది కాదు. ఇంగ్లండులో 1777లో శామ్యూల్ మిల్లర్ పొందిన పేటెంటులోనే దాని ప్రస్తావన ఉన్నది. దాదాపు రెండున్నర శతాబ్దాల అనుభవం దాని వెనుక ఉన్నది గనుక, అది మనిషిని ఏయే విధాల గాయపరుస్తుందో వృత్తిలోని వారికి స్పష్టంగా తెలుసు. ఆ విధాలు ముఖ్యంగా రెండు. మొదటిది, చేయి నేరుగా పళ్ళకు తగలడం. రెండవది, కొయ్య ఎదురుతన్నడం. చూచేవారికి మొదటిదే భయంకరంగా కనిపిస్తుంది. కాని అనేక సందర్భాలలో రెండవదే మొదటిదానికి కారణమవుతుంది.

ఎదురుతన్నడం ఎలా జరుగుతుందో వివరంగా తెలుసుకోవాలి. రంపానికి మనవైపు ఉన్న పళ్ళు పై నుంచి క్రిందికి దిగుతాయి. అవి చెక్కను బల్లకు అదిమిపెట్టి కోస్తాయి. అవతలివైపు పళ్ళు క్రింది నుంచి పైకి లేస్తాయి. కోతపడిన చెక్క ఆ వెనుక పళ్ళకు ఒరుసుకొంటే, అవి దానిని పైకెత్తి పనివాని మీదికి విసిరివేస్తాయి. చెక్క ఆనుకొని సాగే ఇనుపపట్టీని గైడు అంటారు. ఆ గైడు రంపానికి సమాంతరంగా లేకపోతే, చెక్క ఆ రెంటి మధ్య ఇరుకుతుంది. గైడు ఆధారం లేకుండా వట్టి చేతులతో నెడితే, చెక్క వంకర తిరుగుతుంది. ఒక్కొక్కసారి లోపం కొయ్యలోనే ఉంటుంది. సరిగా ఆరని కొయ్యలోను, ముడులున్న కొయ్యలోను లోపల బిగువు దాగి ఉంటుంది. రంపం చీల్చుకొనిపోగానే ఆ బిగువు సడలి, విడిన రెండు భాగాలు మళ్ళీ దగ్గరకు ముడుచుకొని రంపాన్ని పట్టివేస్తాయి. చెక్క ఒక్కసారిగా ఎగిరిపోయినపుడు, దానిని ముందుకు నెడుతున్న చేతికి ఆధారం తప్పుతుంది. ఆ చేయి తూలి ఎక్కడ పడుతుందో చెప్పనక్కరలేదు.

దీనికి విరుగుడుగా రంపం వెనుక, సరిగ్గా దాని వరుసలోనే, ఒక పలుచని ఉక్కురేకును నిలబెడతారు. దీని పేరు రివింగ్ నైఫ్. తెలుగులో చీలుకత్తి అనవచ్చు. కత్తి అన్నమాటే గాని ఇది దేనినీ కోయదు. కోతసందులో నిలిచి, విడిన చెక్క మళ్ళీ మూసుకొనకుండా కాపాడుతుంది. దాని మందం రంపపు బిళ్ళ మందం కంటె కొంచెం ఎక్కువగా, కోతసందు వెడల్పు కంటె కొంచెం తక్కువగా ఉండాలి. మంచి యంత్రాలలో రంపాన్ని పైకెత్తినా దించినా ఇదీ దానితోపాటే కదులుతుంది. రంపం మీద మూతగా ఉండే గార్డు చేతికి రక్ష అయితే, ఈ చీలుకత్తి ఎదురుతన్నుకు అడ్డు.

మామయ్య దుకాణానికి నాలుగిళ్ళ అవతల మరొక కొయ్యపని దుకాణం ఉండేది. అందులో ఇరవై ఏండ్లుగా పనిచేస్తున్న ఒక మేస్త్రి, గుమ్మాల మీద లతలు చెక్కడంలో ఆ చుట్టుప్రక్కల పేరు పొందినవాడు. నా రెండవ వేసవిలో, వైశాఖమాసం గృహప్రవేశాల ముహూర్తాల రద్దీలో, ఒకనాటి సాయంత్రం ఆయన తలుపులకు వేసే సన్నని బీడింగు పట్టీలు కోస్తున్నాడు. అంతకు రెండు రోజుల ముందు గాడి తీయవలసివచ్చి గార్డునూ చీలుకత్తినీ విప్పి మూల పెట్టారు. ముహూర్తం దగ్గరపడుతున్నదని యజమాని తొందరపెట్టడంతో తిరిగి బిగించేందుకు వ్యవధి లేకపోయింది. కూలి అడుగుల లెక్కన ఇస్తారు గనుక ఆగిన ప్రతి నిమిషమూ పనివానికే నష్టం. ఒక పట్టీ ఎదురుతన్నింది. ఎడమచేతి చూపుడువేలు, నడిమివేలు తెగిపోయాయి. ఎవరో గాయం మీద కాఫీపొడి అద్దారు. మరెవరో తెగిన వేళ్ళను తిన్నగా మంచుగడ్డల మధ్య పెట్టారు. పెద్దాసుపత్రికి చేరేసరికి వాటిని అతికించే అవకాశం లేదని వైద్యులు చెప్పారు.

గాయం మానింది. కాని చెక్కడపు పనిలో కుడిచేయి సుత్తి పట్టుకొంటే, ఉలిని నడిపేది ఎడమచేయి. ఆ మేస్త్రి మళ్ళీ లత చెక్కలేదు. కొంతకాలం తలుపులకు పాలిషు పెట్టి, తరువాత ఒక అడితీలో కాపలాకు కుదిరాడు. ఆయన అజాగ్రత్తపరుడు కాడని మా వీధిలో అందరికీ తెలుసు. ఆ సాయంత్రం లోపించినది ఆయన నేర్పు కాదు, మూలనున్న రెండు ఇనుపముక్కలు.

మరునాడు మామయ్య ఎవరికీ ఉపన్యాసం చెప్పలేదు. ఎర్రరంగు డబ్బా తెచ్చి, రంపానికి రెండు ప్రక్కలా జానెడు దూరంలో బల్ల మీద గీతలు గీశారు. ఆ గీత లోపలికి ఏ చేయీ వెళ్ళరాదు. అంతకంటె దగ్గరగా నెట్టవలసివస్తే, కొసన గాడి ఉన్న తోపుడుకర్ర వాడాలి. అటువంటి కర్రలు నాలుగు చేసి, చేతికందే మేకుకు తగిలించారు. "కర్ర తెగితే ఇంకోటి చేసుకుంటాం. వేలు తెగితే ఎవడు చేస్తాడు?" అన్నారు. గాడి తీసే పని ముగిసిన వెంటనే గార్డునూ చీలుకత్తినీ బిగించిన తరువాతనే కూలి లెక్క మొదలుకావాలని, బిగించడానికి పట్టిన కాలానికి కూడ కూలి ఇస్తానని చెప్పారు. ఆ దుకాణంలో నేను చూచిన భద్రతా సూత్రాలలో ఈ చివరిదే గొప్పదని నేటికీ నా అభిప్రాయం.

మూడవ వేసవిలో నాకు పని నేర్పారు. తువాలు మెడలో ఉంటే తీసివేయాలి. వదులు చొక్కా చేతులు మోచేతి పైకి మడవాలి. లుంగీతో యంత్రం దగ్గరకు రాకూడదు. గడియారం, ఉంగరం, మణికట్టు దారాలు విప్పాలి. చేతికి తొడుగు వేసుకొంటే క్షేమమని చాలామంది భావిస్తారు. తిరిగే రంపం దగ్గర అది ప్రమాదం. పళ్ళు తొడుగును పట్టుకొంటే దానితోపాటు చేతిని కూడ లాగివేస్తాయి. కళ్ళద్దాలు మాత్రం తప్పనిసరి. చెక్కలో మేకు ఉన్నదేమో చూడాలి. రంపాన్ని చెక్క మందం కంటె పళ్ళు మాత్రం పైకి కనిపించేటంత ఎత్తుకే లేపాలి. బిళ్ళ మార్చేటపుడు స్విచ్చి ఆపితే చాలదు, ప్లగ్గు ఊడదీయాలి. రంపానికి నేరుగా ఎదుట నిలువక, ఒక ప్రక్కకు ఒదిగి నిలబడాలి. తెగిన ముక్కలను రంపం పూర్తిగా ఆగిన తరువాతనే చేతితో తీయాలి. పని మధ్యలో ఎవరు పిలిచినా తల త్రిప్పరాదు. పిలువవలసినవారే కోత ముగిసేదాకా ఆగాలి.

మన ఊళ్ళకు ప్రత్యేకమైన ప్రమాదం మరొకటి ఉన్నది. పని నడుమ కరెంటు పోతుంది. పనివాడు స్విచ్చి ఆపడం మరచి, కోతలో ఇరుక్కొన్న చెక్కను చేతితో లాగబోతాడు. అదే క్షణంలో కరెంటు వస్తే రంపం తిరుగుతుంది. కరెంటు పోయి వచ్చినపుడు తానై తిరగని స్విచ్చిలు దొరుకుతాయి. అటువంటిది లేనిచోట, దీపం ఆరిన వెంటనే చేయి ముందుగా స్విచ్చి మీదికే పోవాలి.

రక్తం చిందని హాని కూడ ఒకటున్నది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లో ప్రచురించిన సంపుటంలో కొయ్యపొడిని మానవులకు క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది. మూతికీ ముక్కుకూ తగిన మాస్కు, గాలి బాగా ఆడే ఏర్పాటు, చెవులకు రక్షణ అందుచేత అవసరం.

జాగ్రత్తలన్నీ దాటి ప్రమాదమే జరిగితే ఏమి చేయాలో అందరూ ఎరిగి ఉండాలి. ముందుగా ప్లగ్గు తీయాలి. శుభ్రమైన బట్టతో గాయాన్ని గట్టిగా అదిమి, చేతిని పైకెత్తి ఉంచాలి. పసుపు, కాఫీపొడి వంటివి అద్దరాదు. తెగిన వేలిని తడిపిన శుభ్రమైన గుడ్డలో చుట్టి, నీరు చొరని ప్లాస్టిక్ సంచిలో పెట్టి, ఆ సంచిని మంచుగడ్డలు వేసిన నీటిలో ఉంచి వెంటనే ఆసుపత్రికి తీసుకొనిపోవాలి. వేలికి మంచు నేరుగా తగలరాదు.

ఇప్పుడు విజ్ఞానం మరికొంత ముందుకు సాగింది. అమెరికాలో స్టీవ్ గ్యాస్ 1999లో ఒక విధానాన్ని రూపొందించాడు. అందులో రంపపు బిళ్ళ గుండా స్వల్ప విద్యుత్ సంకేతం ప్రవహిస్తూ ఉంటుంది. మనిషి చర్మం తగలగానే ఆ సంకేతం మారుతుంది. వెంటనే ఒక అల్యూమినియం దిమ్మ రంపపు పళ్ళలోకి దూసుకొనిపోయి, సుమారు 5 మిల్లీసెకన్లలో దానిని ఆపివేస్తుంది. మనిషి స్పందించే కాలంలో ఇది నలభయ్యవ వంతు. వేలు తెగవలసినచోట చిన్న గాటుతో పోతుంది. కాని అటువంటి యంత్రం ఖరీదైనది. మన ఇళ్ళ నిర్మాణాల దగ్గర నేడు తరచుగా కనిపించేది వేరు. చేతితో పట్టి కోసే కట్టరును తలక్రిందులు చేసి ప్లైవుడ్ బల్ల క్రింద బిగిస్తారు. దాని మీటను తాడుతోనో టేపుతోనో కట్టివేస్తారు. దానికి మూత లేదు, చీలుకత్తి లేదు, ఆపడానికి తిన్నని స్విచ్చి లేదు.

చట్టం ఇక్కడికి చేరడం కష్టం. 1948 నాటి కర్మాగారాల చట్టం 21వ సెక్షనులో ప్రమాదకరమైన యంత్రభాగాలకు రక్షణకంచె ఉండాలని శాసించింది. విద్యుత్తు వాడే చోట పదిమంది పనివారుంటేనే దానిని కర్మాగారంగా పరిగణించింది. 2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తిభద్రతా స్మృతి ఆ సంఖ్యను ఇరవైకి పెంచింది. ఇద్దరు ముగ్గురు పనిచేసే వీధి దుకాణం ఆ నిర్వచనంలోకి రాదు. అక్కడ తనిఖీ అధికారి పని కూడ యజమానీ, పనివాడూ కలిసి చేసుకోవలసిందే.

ఆయుధపూజనాడు మన పనివారు రంపానికి పసుపు కుంకుమలు అద్ది, పూలు పెట్టి, నిమ్మకాయ కోసి నమస్కరిస్తారు. అన్నం పెట్టే పనిముట్టును గౌరవించే ఆ సంప్రదాయం మేలైనది. ఏడాదిలో తక్కిన రోజులలో ఆ గౌరవం గార్డు బిగించి ఉంచడంలోను, తోపుడుకర్ర చేతికందేచోట తగిలించడంలోను కనిపించాలి. మీ ఇంటికి తలుపు చేయించుకొనేటపుడు, ముహూర్తం పేరిట మేస్త్రిని తొందరపెట్టే ముందు, ఆయన రంపం మీద మూత ఉన్నదో లేదో ఒకసారి చూడండి. లేకపోతే, దానిని బిగించేందుకు పట్టే ఆ పది నిమిషాలూ మీరే ఇవ్వండి.