కచేరీ మధ్యలో వచ్చిన నోటీసు



మొన్న శనివారం ప్రాక్టీసు అయ్యాక, ప్యాడ్స్ వాయించే తమ్ముడు ఫోన్‌లో బాలు గారి పాత కచేరీ వీడియో పెట్టాడు. పటాన్‌చెరులో షిఫ్టు దిగి, అన్నం కూడా తినకుండా నేరుగా అమీన్‌పూర్ చర్చికి వచ్చే పిల్లవాడు. పాటంటే అంత పిచ్చి. అందరూ పాట వింటుంటే నాకు మాత్రం 2017 మార్చి గుర్తొచ్చింది.

ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారు సినిమాకు మొదటి పాట పాడింది 1966 డిసెంబరులో. యాభై ఏళ్ల గుర్తుగా కొడుకు చరణ్ గారు 'ఎస్పీబీ 50' పేరుతో ప్రపంచ యాత్ర ఏర్పాటు చేశారు. 2016 ఆగస్టులో టొరంటోలో మొదలుపెట్టి రష్యా, శ్రీలంక, మలేషియా, సింగపూర్, దుబాయ్ తిరిగారు. తర్వాత అమెరికా. సియాటిల్, లాస్ ఏంజెలెస్‌లో కచేరీలు బాగా జరిగాయి. అంతలో ఇళయరాజా గారి లాయరు నుంచి నోటీసులు వచ్చాయి, అనుమతి లేకుండా ఆయన పాటలు పాడకూడదని. బాలు గారికే కాదు, చిత్ర గారికి, చరణ్ గారికి, కచేరీలు పెట్టేవాళ్లకు, హాళ్ల యాజమాన్యాలకు కూడా.

ఆర్కెస్ట్రా వాళ్ల సంగతి ఆలోచించండి. ఆదివారం పొద్దున మనం ఒక్క పాట మారిస్తేనే కీబోర్డు తమ్ముడికి చెమటలు పడతాయి. వాళ్లేమో పరాయి దేశంలో ఉన్నారు, ముందు ఇంకా కచేరీలు ఉన్నాయి.

చట్టం సంగతి నాకు తెలియదు, చట్టమే అయితే పాటిస్తాను, ఇకనుంచి ఆ పాటలు పాడం, కచేరీ మాత్రం ఆగదు అని బాలు గారు ఫేస్‌బుక్‌లో తెలియజేశారు. అభిమానులు రెచ్చిపోతే, ఇళయరాజా గారిని ఏమీ అనొద్దని కోరారు. సినిమాల్లోకి రాకముందు ఇళయరాజా గారు వాయించింది బాలు గారి ట్రూపులోనే. ఆ స్నేహం అంత పాతది.

ఈ సంగతి నేను రెండుసార్లు ప్రసంగంలో చెప్పాను. రెండుసార్లూ బాలు గారి పక్షానే. ఆయన వినయం గురించి మీరు చప్పట్లు కూడా కొట్టారు. కానీ మొన్న రాత్రి మత్తయి అయిదో అధ్యాయం తీస్తే ఒక మాట దగ్గర ఆగిపోయాను. అర్పణను బలిపీఠం దగ్గర వదిలి వెళ్లమని యేసు చెప్పింది కోపం వచ్చినవాడికి కాదు. ఎవరి వల్ల సహోదరుడు నొచ్చుకున్నాడో వాడికి. ఇన్నేళ్లూ నేను దాన్ని తిరగేసి చదివాను.

మన ఛానెల్‌లో పెట్టిన రెండు పాటల ట్యూన్లు సెమినరీలో నా గదిలో ఉన్న స్నేహితుడివి. అతన్ని అడగలేదు, పేరూ వేయలేదు. "డబ్బులు వద్దన్నా, నా పేరన్నా వేయొచ్చు గదా" అని ఫోన్ చేశాడు. "దేవుని పాటకు మన పేర్లెందుకు తమ్మీ" అన్నాను. అప్పుడది చాలా భక్తిగల మాట అనిపించింది. ఛానెల్ మీద మాత్రం నా పేరు, నా ఫోటో ఉన్నాయి! మూడేళ్లు మాటల్లేవు.

పెద్దవాళ్లిద్దరూ తర్వాత కలిసిపోయారు. 2019 జూన్ 2న, ఇళయరాజా గారి పుట్టినరోజున, చెన్నైలో ఒకే వేదిక మీద కనిపించారు. మరుసటి ఏడు బాలు గారు ఆసుపత్రిలో ఉంటే, లేచి రమ్మని ఇళయరాజా గారు వీడియోలో పిలిచారు. 2020 సెప్టెంబరు 25న బాలు గారు వెళ్లిపోయారు. కలిశాక వాళ్లకు దొరికింది ఏడాదిన్నర కూడా లేదు.

సోమవారం పొద్దున వీడియోల కింద అతని పేరు రాశాను. అంతటితో సరిపోదని పటాన్‌చెరులో జహీరాబాద్ బస్సెక్కాను. తలుపు తీసి చాలాసేపు ఏమీ అనలేదు. క్షమాపణ అడిగాను. చెల్లెమ్మ చాయ్ తెచ్చింది. గ్లాసు కింద పెట్టి అన్నాడు: "రెండో చరణం మొత్తం తప్పు పాడుతున్నరన్నా. మూడేళ్ల నుంచి వినలేక చస్తున్న."

ఈ శనివారం నేర్పడానికి వస్తున్నాడు. క్వయర్ వాళ్లు ఏడింటికల్లా చర్చిలో ఉండండి.