కొల్లేట్లో తెరచాప

ఉండి సెంటర్లో ఆకివీడు ఆటో ఎక్కాను. దారి పొడుగునా చేపల చెరువులే, గట్ల మీద కొబ్బరి చెట్లే. ఒకప్పుడు ఈ సీమలో సరుకు ఎక్కువగా నీటి మీదే నడిచింది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక వచ్చిన కాలువలు పొలాలకే కాదు, పడవలకూ దారులు. ఏలూరు కాలువ పట్టుకుని, బెజవాడ దగ్గర కృష్ణ దాటి, కొమ్మమూరు కాలువ మీదుగా బకింగ్‌హామ్ కాలువలో పడితే చెన్నపట్నం. గాలి కలిసొస్తే తెరచాప, లేకపోతే గట్టున నడుస్తూ తాడేసి లాగుడు. 2008లో ఈ దారినే కలుపుకుని జాతీయ జలమార్గం-4 ప్రకటించారు. కాగితం మీద పడవ బాగానే తేలింది.

ఆకివీడు దాటి సిద్ధాపురం వైపు వెళ్తే, కొల్లేరు సరస్సు రేవులో ఓ పెద్దాయన రెండు తాటిదోనెలను పక్కపక్కన పెట్టి వాసాలతో కట్టేస్తున్నాడు. అదే సంగడి. తాటిమాను మొదలు లావుగా ఉంటుంది కాబట్టి దోనెకు ఆ కొస వెడల్పు. లోపలి మెత్తటి దూటంతా తవ్వేస్తే చేవ మిగులుతుంది. తెరిచి ఉన్న కొసను బంకమట్టితో మెత్తి మూశాడు. మేకు ఒక్కటీ లేదు. తెరచాప మాత్రం యూరియా సంచులు విప్పి కుట్టింది!

“మోటారు పెట్టుకోవచ్చుగా తాతా?” అన్నాను.

“గుర్రపుడెక్క చుట్టుకుని ఫ్యాను ఆగిపోద్దండి. గాలైతే డబ్బులడగదు కదండీ, ఆయ్!”

నన్నూ ఎక్కించుకున్నాడు. మూడు దాటాక పైరగాలి లేచింది. గెడ లోపల పడేసి తాడు బిగించాడు. సంచులు ఒక్కసారి ఉబ్బాయి, సంగడి కదిలింది. అడుగున నీరు చెక్కకు తగిలే చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. గూడబాతులు ఎగిరిపోలేదు, కాస్త పక్కకు ఈదాయంతే. ఇదివరకు మోటారు బోటులో వెళ్లినప్పుడు నాకు వాటి వీపులే కనిపించాయి.

ఆ పరుగు ఎంతోసేపు సాగలేదు. ఎదురుగా చేపల చెరువు గట్టు. తెరచాప దించి మళ్లీ గెడ పట్టాడు. 1999లో కొల్లేరును అయిదో కాంటూరు (ఎత్తు గీత) దాకా 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యమన్నారు, 2002లో చిత్తడి నేలల రామ్‌సార్ జాబితాలో చేరింది, 2006లో సరస్సులో తవ్విన చేపల చెరువుల గట్లు కొట్టేశారు. ఆ తర్వాత గట్లు మళ్లీ లేచాయి. కొల్లేట్లో తెరచాపను ఓడించింది మోటారు కాదని నా లెక్క. గాలి సాగడానికి తెరిపి లేకుండా చేసిన ఈ గట్లే.

కొంగలూ గూడబాతులూ చూడాలంటే చలికాలం వెళ్లండి. రేవులో మోటారు బోటు చూపిస్తారు. వద్దని, తెరచాప ఉన్న సంగడి ఉందేమో అడగండి. అడిగేవాళ్లుంటేనే కట్టేవాళ్లుంటారు.