నీళ్లు దిగిన నేలమీద కృష్ణజింకలు

శ్రీరాంసాగర్ నిండినప్పుడు ఉమ్మెడ ఒడ్డున నిలబడితే అవతలి గట్టు కంటికి ఆనదు. జలాశయం పూర్తి మట్టం 1091 అడుగులు. ఆ నీళ్లలో కొంత యాసంగి పంటలకు కాలువల్లో పోతుంది, కొంతను ఎండలు తాగుతాయి. మే నెల వచ్చేసరికి గోదావరి తన పాత పాయలోకి ముడుచుకుపోతుంది. అప్పుడు ఒడ్డు వెంట మైళ్లకొద్దీ నేల బయటపడుతుంది. ఇక్కడివాళ్లు దాన్ని శిఖం భూమి అంటారు. ఎండిన ఒండ్రు నెర్రెలు వాస్తుంది, తడి మిగిలిన చోటల్లా గడ్డి మొలుస్తుంది. ఆ గడ్డికోసం కృష్ణజింకలు వస్తాయి. వాటిని చూడాలనే ఉమ్మెడకు పోయే నందిపేట దారి పట్టాను. అయితే ఈ ప్రాంతపు జంతువులతో నా పరిచయం అంతకుముందే, ఒక ఫిబ్రవరి రాత్రి, మాక్లూర్ మక్కచేలో మొదలైంది.

మాక్లూర్ నిజామాబాద్‌కు కూతవేటు దూరం. పట్నం పెరిగి పెరిగి మాణిక్‌భండార్ దాకా వచ్చేసింది. అయినా ఈ మండలంలో ఇంకా అడవి ఉంది. చిన్నాపూర్ వైపు పొద్దున్నే వెళ్తే నెమళ్లు రోడ్డు దాటుతూ కనిపిస్తాయి. ఇక్కడి పొలాలు ఒకప్పుడు నిజాంసాగర్ ఆయకట్టు చివరి పొలాలు. మంజీరమీద కట్టిన ఆ ప్రాజెక్టు నీళ్లు ఇక్కడిదాకా వచ్చేసరికి సన్నగిల్లేవి. ఆ కొరత తీర్చడానికి శ్రీరాంసాగర్ వెనుక నీళ్లను ఉమ్మెడ దగ్గర తోడి పోసే గుత్ప ఎత్తిపోతల పథకం కట్టారు. నీళ్లొచ్చాక వరి, మక్క, పసుపు ఊపందుకున్నాయి. పంట ఊపందుకున్నచోట పందులు రాకుండా ఉంటాయా?

ఆ రాత్రి నన్ను తన మంచె ఎక్కించుకున్న రైతు చేను చుట్టూ పాత చీరలు కట్టాడు. గాలికి అవి ఊగితే మనిషి ఉన్నాడనుకుని పంది బెదురుతుందని ఆశ. నాలుగు రోజులు బెదిరిందట, తర్వాత చీరల కిందనుంచే దూరిందట. అర్ధరాత్రి దాటాక చేను అవతలి మూలనుంచి పటపటమని కర్రలు విరిగిన చప్పుడు. నేను టార్చి అందుకోబోతే ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. "ఇప్పుడే లైటు ఎయ్యకు సార్, దగ్గరికి రానీ" అన్నాడు చెవిలో. చప్పుడు మావైపే జరుగుతూ వచ్చింది. లైటు వేసేసరికి ముందు పెద్ద తల్లిపంది, దాని వెనకాల ఒంటిమీద చారలున్న పిల్లలు. పిల్లలు క్షణంలో మాయమయ్యాయి. తల్లి మాత్రం పారిపోలేదు. వీపుమీద జూలు నిక్కబొడుచుకుని, గట్టిగా బుసకొట్టి, మంచెవైపే తిరిగి నిలబడింది. పందికి చూపు మందం, ముక్కు చురుకు. అది మమ్మల్ని చూడలేదు, వాసన పట్టింది. రైతు రేకు డబ్బా వాయించాక కూడా కాసేపు ఆగి, అప్పుడు కదిలింది. నా గుండె దడ తగ్గడానికి చాలాసేపు పట్టింది.

తెల్లారి చూస్తే పడుకున్న మక్క, సగం కొరికిన కంకులు. "తిన్నది పావలా, తొక్కింది ముప్పావలా" అన్నాడాయన. ఆ మాటలో కోపంకన్నా అలసట ఎక్కువ. రాత్రంతా నిద్రకాచి పొద్దున మళ్లీ నీళ్లు పెట్టాల్సిన మనిషికి జంతుప్రేమ బోధించే హక్కు నాకు లేదు. కానీ కంచెకు కరెంటు పెట్టే పద్ధతిని మాత్రం నేను ఏ మాటతోనూ సమర్థించను. ఆ తీగకు పందులతోపాటు పొలానికి పోయిన మనుషులూ బలవుతున్న వార్తలు రాష్ట్రంలో చదువుతూనే ఉన్నాం.

పందుల గురించి బోధన్ వైపు పెద్దవాళ్లను అడిగితే చెరకు కాలం కథలు చెప్తారు. శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్స్ నడిచిన రోజుల్లో చెరకు తోటలు నక్కలకూ పందులకూ దాగే చోట్లు. నక్క చెరకు గడ నమలడం అక్కడ అందరికీ తెలిసిన సంగతే. 2015లో ఫ్యాక్టరీ మూతపడింది. చెరకు తగ్గింది, దాంతోపాటు ఆ చాటూ తగ్గింది.

ఇక ఉమ్మెడ. మే నెలలో, తెల్లవారకముందే వెళ్లాను. బండిని కట్టమీదే ఆపి శిఖంలోకి నడిచాను. వెలుతురు రాకముందే తీతువు పిట్ట నన్ను కనిపెట్టేసి గోల మొదలుపెట్టింది. అది అరిస్తే చుట్టుపక్కల జీవాలన్నిటికీ కబురు అందినట్టే. అక్కడే కూర్చుండిపోయాను. పొద్దు పొడిచేసరికి ముందున్న గోధుమరంగు నేలలో కొంత భాగం కదులుతున్నట్టు తోచింది. లేడులు. వాటి రంగు, ఎండిన ఒండ్రు రంగు ఒక్కటే. ఒకటి తల ఎత్తితే తప్ప లెక్కకు అందవు. మంద మధ్యలో ఒక ఇర్రి, వీపంతా నలుపు, పొట్ట కింద తెలుపు, కళ్లచుట్టూ తెల్లని వలయం. మెలికలు తిరిగిన కొమ్ములు వీపుమీదికి వాలేలా మూతి పైకెత్తి, తోక పైకి చుట్టి, ఒక్కో అడుగూ ఆచితూచి వేస్తూ లేడుల చుట్టూ తిరుగుతోంది. దాని నడకలో రాచఠీవి ఉంది. తన హద్దు చెప్పడానికి ఒకేచోట పెంట వేస్తుంది. ఆ కుప్ప దగ్గరికి ఇంకో మగజింక వచ్చిందంటే కొమ్ములు కలుస్తాయి. నేను చూస్తుండగానే ఒక కుర్ర మగజింక వచ్చింది. ఇంకా ఒళ్లు పూర్తిగా నల్లబడలేదు. పెద్దది తల వంచగానే వెనక్కి తిరిగి పరుగు. ఆ పరుగు చూడాలి! నాలుగు కాళ్లూ ఒకేసారి నేలను విడిచి గాల్లోకి లేచి, దిగి, మళ్లీ లేచి. గంటకు 80 కిలోమీటర్ల దాకా పరుగెత్తగల జీవి అది.

ఇంత వేగం దానికి ఎందుకు? ఒకప్పుడు దక్కన్ మైదానాల్లో దాన్ని వేటాడింది చీతా. మన దేశంలో చీతా అంతరించిందని 1952లో ప్రకటించారు. తరిమేది పోయింది, పరుగు మిగిలింది. ఇప్పుడు దాని వెంటపడేది ఊరకుక్కలు. కుక్క జింకను పరుగులో గెలవలేదు, అయితే కుక్కలు గుంపుగా వస్తాయి, పిల్లలను వెతుకుతాయి.

ఈ సంగతి నాకు చెప్పింది అక్కడ గొర్రెలు మేపుతున్న ఒక ముసలాయన. జింకలు ఆయన మందకు బెదరవు. గొర్రెలూ జింకలూ ఎడంగా, ఒకే గడ్డి మేస్తుంటాయి. నన్ను పిలిచి, "అటు పోకు బిడ్డా, పిల్ల పండి ఉన్నది" అంటూ కర్రతో ఒక గడ్డి దుబ్బును చూపించాడు. ఎంత చూసినా గడ్డే కనిపించింది. తర్వాత చెవి కదిలింది. పుట్టి ఎన్నో రోజులు కాని పిల్ల, మెడ నేలకు ఆనించి, ఊపిరి కూడా తెలియకుండా పడుకుని ఉంది. మొదటి రెండు వారాలు దానికి దాక్కోవడమే రక్షణ. తల్లి దూరంగా మేస్తూ పాలివ్వడానికి మాత్రం వస్తుంది.

"తల్లి లేదనుకొని మంచిగున్నోళ్లే ఎత్తుకపోతరు. ఇంట్ల పాలు పోస్తరు. అది బతకది" అన్నాడు.

"మరి కుక్కలు, తాతా?"

"నా కుక్కను కట్టేస్త. ఊరి కుక్కలను ఎవరు కట్టేస్తరు?"

నేను అడుగులు వెనక్కి వేసి వచ్చేశాను. కాసేపటికి అవతలి గట్టునుంచి రెండు బైకులు దిగాయి. ఫోన్లు పైకెత్తి, మంద వెనకాలే దుమ్ము రేపుకుంటూ తోలారు. లేడులన్నీ పాయవైపు చెదిరిపోయాయి. ఆ ఎండలో పరుగు వాటికి ఎంత భారమో తోలినవాళ్లకు తట్టలేదు. నాకు మాత్రం ఆ గడ్డి దుబ్బులోని పిల్ల గురించే భయం. ఈ జింక వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉంది, పులితో సమానమైన రక్షణ. కాగితం మీద ఉన్న ఆ రక్షణ శిఖంలోకి దిగదు. కర్నూలు వైపు రోళ్లపాడులో బట్టమేక పిట్టకోసం పెట్టిన అభయారణ్యంలో కృష్ణజింకలకూ చోటు ఉంది. ఇక్కడ అలాంటి అభయారణ్యం లేదు. ఇది ప్రాజెక్టు ముంపుకోసం సేకరించిన నేల.

1963 జులై 26న నెహ్రూ పోచంపాడులో శంకుస్థాపన చేసిన ప్రాజెక్టు ఇది. ఎన్నో ఊళ్లు దీనికింద మునిగాయి. మొదట 112 టీఎంసీలు పట్టాల్సిన జలాశయం పూడికవల్ల ఇప్పుడు దాదాపు 80 టీఎంసీలే పడుతోంది. ఇంజనీర్లకు, ఆయకట్టు రైతులకు ఆ పూడిక దిగులు. ఆ పూడికే జింకలకు పచ్చిక. ఊళ్లను ముంచిన నీళ్లు ఏటా కొన్ని నెలలు వదిలే నేలే వాటికి ఇల్లు. అందుకే సాగుకోసం దాన్నంతా దున్నేయడం నాకు తప్పుగా తోస్తుంది. పాయ పక్కన కొంత మేర నాగలి పడకుండా వదిలితే చాలు. ఆ గొర్రెలాయన కూడా అదే కోరుతున్నాడు, ఆయన మందకూ అదే గడ్డి కావాలి.

ఏటా జులై 1న ఎగువన మహారాష్ట్రలో గోదావరిమీదున్న బాబ్లీ బ్యారేజీ గేట్లు ఎత్తుతారు. సుప్రీంకోర్టు 2013 తీర్పు ప్రకారం అక్టోబరు 28 దాకా అవి తెరిచే ఉండాలి. వాన బాగా పడిన ఏడు శిఖం తిరిగి నీళ్లకిందికి పోతుంది. జింకలు ఒడ్డెక్కుతాయి. అప్పటికి చేలల్లో సోయా, మక్క లేత మొలకలు. ఒడ్డుకు ఆనుకుని పొలమున్న ఒక రైతు, నిరుడు మొలక మేసిన మడికి రెండోసారి విత్తనం కొన్నానని చెప్పాడు. పందులను ఎట్లా తరుముతారో చెప్పినప్పుడు గట్టిగా చెప్పినవాడు, జింకల మాట వచ్చేసరికి గొంతు తగ్గించాడు. "గవాటిని ఎట్ల కొడ్తం సార్? అదిలిస్తం, గంతే." ఈసారి నీటివైపు మడిలో పసుపు పెడతానన్నాడు, జింక దాన్ని ముట్టదట. సోయా ఇంటివైపు మడికి మారుస్తాడట.